పాల్గొన్నాడు, అంతే

స్కార్‌లా
1976 ఏప్రిల్ 11, ఆదివారం

మరిది కత్‌బర్ట్‌కి,

నువ్వు పంపిన పూలదండ అందింది. మీ అన్న సమాధి మీద పెట్టించాను. మూడోరోజుకి ఎవరి మేకో వచ్చి తినిపోయింది. మేకైనా వచ్చింది, నువ్వు రాలేదు. షిఫ్టు అన్నావు. తోడబుట్టినవాడు పోతే ఒక్కరోజు సెలవివ్వని గని నాటింగ్‌హామ్ వైపు ఉందంటే నమ్మేటంత వెర్రిదాన్ని కాను. పోనీలే.

ఇప్పుడు రాస్తున్నది అందుకు కాదు. ఫిబ్రవరిలో అంత్యక్రియలయ్యాక క్లబ్బులో అందరికీ టీ ఇచ్చాను. హామ్ రొట్టెలు నా చేత్తో కోశాను. అందరూ మెక్కుతూ ఉండగా లీకు కాడల పోటీల అధ్యక్షుడు, ఆ ఐజాక్ టర్న్‌బుల్, లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు. "మన నార్మన్ ఏనాడూ గెలవలేదు. అయినా ఏటా పాల్గొన్నాడు. గెలవడం కాదు, పాల్గొనడమే ముఖ్యం" అన్నాడు. అందరూ నోటినిండా హామ్‌తో తలలూపారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. నా మొగుడికి చచ్చాక కూడా చారెడు దక్కలేదు.

నీకు తెలుసు, ఆ లీకులంటే నాకు ఏనాడూ గిట్టదు. ఉల్లికాడ జాతిలో పుట్టి మనిషి పిక్కంత లావు ఊరతాయి. పులుసులో పడాల్సినవాటికి స్నానాలు, పాలతో తుడుపులు! కానీ క్లబ్బు బారు గోడకి నల్లపలక ఉంది కదా, ఏటా గెలిచినవాడి పేరు బంగారు రంగుతో రాసేది. దానిమీద టర్న్‌బుల్ పేరు పద్నాలుగు సార్లు ఉంది. నీ పేరూ ఉంది, 1951 పక్కన. మీ అన్న పేరు మాత్రం ఎక్కడా లేదు. దాదాపు ముప్పై ఏళ్ళు పోటీలో పెట్టాడు మనిషి.

ఆయన జనవరిలో మొలకెత్తించిన మొక్కలు అద్దాల పాకలో బతికే ఉన్నాయి. వాటిని నేను పెంచుతాను. సెప్టెంబరులో ఆయన పేరున బల్ల మీద పెడతాను. ఆ పలక మీద నార్మన్ పేరు రాయించకపోతే నా పేరు ఎథెల్ కాదు. మీ నాన్న వాటికి ఏం పోసేవాడో వెంటనే రాయి. మీ ఆవిడ మేబుల్‌ని అడిగానని చెప్పు.

వదిన ఎథెల్


మాన్స్‌ఫీల్డ్
ఏప్రిల్ 21

వదినకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి మేబుల్ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నువ్వు పట్టుపట్టావంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నాన్న పద్ధతి ఇది. గొర్రె పెంటికలు గోనెసంచిలో కట్టి పీపా నీళ్ళలో పదిరోజులు నానబెట్టాలి. ఆ నీళ్ళు వారానికి రెండుసార్లు పొయ్యాలి. ఒక గ్లాసు నల్లబీరు కూడా. నాన్న లీకులకి ఒక గ్లాసు పోసి, వాటికి తోడుగా తను ఇంకో గ్లాసు పుచ్చుకునేవాడు. తెల్లకాడ చుట్టూ తోలుపట్టీ కట్టి, మొక్క ఎదిగేకొద్దీ వదులు చేస్తూ ఉండాలి.

అయితే వదినా, ఒక మాట చెప్తాను, కోప్పడకు. ఆడవాళ్ళకి క్లబ్బులో సభ్యత్వం లేదు. పోయినవాడి పేరున పెడతానంటే వాళ్ళు ఊరుకోరు. ఒకవేళ ఊరుకున్నా, గెలవాలని అంత పంతం దేనికి? అన్నయ్యకి తోటలో కూర్చోవడమే సంతోషం. గెలుపోటములు ఆయన ఎప్పుడూ పట్టించుకోలేదు. నువ్వు పాల్గొంటే చాలు, ఆయన ఆత్మకి శాంతి.

మరిది కత్‌బర్ట్


స్కార్‌లా
మే 2

ఏమయ్యా కత్‌బర్ట్,

నువ్వూనా? ఆ టర్న్‌బుల్ నోట విన్న మాటే తపాలా బిళ్ళ అంటించి పంపావా?

ఆ మాట గురించి ఈ మధ్య బాగా ఆలోచించాను. పాత్రలు కడుగుతూ ఆలోచించడానికి చాలా తీరిక ఉంటుంది. ఎవరు ఎవరితో అంటారో ఎప్పుడైనా చూశావా? కప్పు చంకలో పెట్టుకున్నవాడు ఖాళీ చేతులవాడితో అంటాడు. ఖాళీ చేతులవాడు కప్పువాడితో అనగా విన్నవాళ్ళు ఈ భూమ్మీద ఉన్నారా? బడి పరుగుపందెంలో టీచరమ్మ చివరొచ్చిన పిల్లతో అంటుంది. మొదటొచ్చిన పిల్లతో "శభాష్" అంటుంది. గనివాళ్ళు జీతాలిచ్చే శుక్రవారం నాడు "జీతం కాదు, గనిలోకి దిగడమే ముఖ్యం" అంటే మీ యూనియనువాళ్ళు ఏం చేస్తారు? అది ఓదార్పు మాట కాదయ్యా, తలుపు మూసే మాట. ఇక నువ్వెళ్ళు అని చెప్పడానికి మర్యాదస్తులు కనిపెట్టిన మాట.

కమిటీ దగ్గరికి వెళ్ళాను. నన్ను లోపలికి రానివ్వలేదు, గుమ్మంలో నిలబెట్టారు. "ఆడవాళ్ళకి సభ్యత్వం లేదు ఎథెల్" అన్నాడు కార్యదర్శి. "ఎవడిక్కావాలి మీ సభ్యత్వం? నార్మన్ జనవరిలో చందా కట్టాడు. ఏడాదంతా సభ్యుడే. లీకులు సభ్యుడి తోటలో పెరిగినవై ఉండాలని మీ పుస్తకంలో ఉంది. సభ్యుడు ఊపిరి పీలుస్తూ ఉండాలని ఎక్కడుందో చూపించు" అన్నాను. పాపం, పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేశాడు. లేదు మరి.

అప్పుడు టర్న్‌బుల్ లోపల్నుంచి అన్నాడు. "పెట్టనివ్వండయ్యా. ఆవిడ కూడా పాల్గొంటుంది." తలుపు మూశాక నవ్వులు వినిపించాయి. నవ్వనీ. వాడు నాటుకున్న మొక్కలు మాత్రం ఎక్కడివి? మీ అన్న ఏటా అడిగినవాడికల్లా మొలకలు పంచిపెట్టేవాడు, నోట్లో నాలుక లేని మనిషి.

పెంటికలు నానబెట్టాను. వీధంతా కంపు. దేవుడు మేలు చేశాడు, టర్న్‌బుల్ ఇల్లు గాలివాటునే ఉంది.

ఎథెల్


మాన్స్‌ఫీల్డ్
జూన్ 13

వదినకు,

ఆలస్యానికి క్షమించు. నీ కోపం చల్లారాక రాద్దామనుకుని ఆరు వారాలు ఆగాను. చల్లారి ఉంటుందని ఆశిస్తున్నాను.

నీకు సాయం చేద్దామని ఒక పని చేశాను. టర్న్‌బుల్‌కి ఉత్తరం రాశాను. మా వదిన కొత్తగా విధవరాలైంది, మనసు బాగాలేదు, పోటీనాడు కాస్త మర్యాదగా చూసుకోండి అని. ఐజాక్ మంచివాడే, నోరే కాస్త పెద్దది.

ఇక్కడ వాన చుక్క లేదు. అక్కడెలా ఉంది? ఎండలకి లీకులు పువ్వు తొడగకుండా చూసుకో, పువ్వు తొడిగితే అంతే సంగతులు. గోనెపట్టాలతో నీడ వెయ్యి. సెప్టెంబరుకి నేను రాలేను, సెలవు దొరకదు.

కత్‌బర్ట్


స్కార్‌లా
జూలై 18

కత్‌బర్ట్,

నీ సాయం చేరింది. కూరగాయల కొట్లో, తొమ్మిదిమంది ఆడవాళ్ళ ముందు చేరింది. టర్న్‌బుల్ నీ ఉత్తరం జేబులోంచి తీసి ఊపుతూ చెప్పాడు. "నీ మరిది రాశాడు ఎథెల్, నీ మీద దయ చూపమని. కమిటీలో అనుకున్నాం. గెలిచినా గెలవకపోయినా నీకో ప్రత్యేక కార్డు ఇస్తాం. పాల్గొన్నందుకు." అప్పుడు నా చేతిలో క్యాబేజీ ఉంది. దాన్ని తిరిగి బుట్టలో పెట్టి వచ్చేశాను. ఎంత నిగ్రహం పట్టిందో ఆ దేవుడికే తెలుసు.

నా మనసు బాగాలేదా? పుండు మీద కారం చల్లేవాడికి ఉత్తరం రాసి ఇంకాస్త చల్లమన్నట్టుంది నీ తెలివి! పలక మీద పేరున్నవాళ్ళంతా ఒకటే జట్టు కాబోలు. 1951లో గెలిచి కూర్చున్నావు గనుక నీకు ఆ మాట తియ్యగానే ఉంటుంది.

ఇక్కడా వాన లేదు. గొట్టంతో నీళ్ళు పెట్టొద్దని ఊరంతా కాగితాలు అంటించారు. స్నానం చేసిన నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు బకెట్లతో మోస్తున్నాను. నడుము పడిపోయింది. కానీ రెండు కాడలు ఉన్నాయి కత్‌బర్ట్, వరసలో ఆరోది, పదకొండోది. పోటీకి జంటనే కదా పెట్టాలి, ఈ రెండూ జంటగా కుదిరాయి. చుట్టుకొలత చూసి మళ్ళీ కొలిచాను. మీ అన్న చూసి ఉంటే ఏమీ అనేవాడు కాదు, టోపీ తీసి తల గోక్కునేవాడు. ఆ తల గోకుడు చూసి ఇన్నాళ్ళూ నేను చిరాకుపడేదాన్ని.

ఎథెల్


మాన్స్‌ఫీల్డ్
జూలై 27

వదినా,

నేను మంచికే రాశాను. నాకు సరిగ్గా రాయడం చేతకాదు. ఆ ప్రత్యేక కార్డు ఆలోచన నాది కాదు, ఒట్టు. 1951 సంగతి మాత్రం ఎత్తకు. దయచేసి.

కత్‌బర్ట్


స్కార్‌లా
ఆగస్టు 15

కత్‌బర్ట్ హెడ్లీకి,

ఎందుకు ఎత్తకూడదో ఇవాళ తెలిసింది.

అద్దాల పాకలో తోలుపట్టీలు వెతుకుతుంటే రేకు డబ్బాలో మీ అన్న నోటుపుస్తకం దొరికింది. ఏ ఏడు ఏ మొక్క ఎంత కొలిచిందో పెన్సిలుతో రాసుకున్నాడు. 1951 పేజీలో రెండే వరసలు. "మూడు, ఏడు: కత్‌బర్ట్ పేరున. నాలుగు, తొమ్మిది: నా పేరున." పక్కన కొలతలు. మూడూ ఏడూ అన్నిటికన్నా పెద్దవి.

నేను ఈ ఊరికి కోడలిగా వచ్చింది 53లో. ఆ ముందు సంగతి ఎవరూ నాకు చెప్పలేదు. ఇప్పుడు అర్థమైంది. మీ అన్న పెంచినవి నువ్వు పీక్కుపోయి కప్పు కొట్టేశావు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, పాతికేళ్ళుగా ఊరిమొహం చూడకుండా నాటింగ్‌హామ్‌లో దాక్కున్నావు. చచ్చినవాడి మొహం కూడా చూడలేకపోయావు. పైగా నాకు నీతులు. పాల్గొంటే చాలట!

జవాబు రాస్తే నిజం రాయి. లేకపోతే తపాలా బిళ్ళ దండగ.

ఎథెల్ హెడ్లీ


మాన్స్‌ఫీల్డ్
ఆగస్టు 24

వదినా,

నేను పీక్కుపోలేదు. ఆయనే ఇచ్చాడు. దొంగతనం చేసి ఉంటేనే బాగుండేది.

1951 జనవరిలో గనిలో పైకప్పు కూలి నా కుడిచెయ్యి నలిగింది. రెండు వేళ్ళు తీసేశారు. ఆ ఏడు పార పట్టలేకపోయాను. అప్పటికే మేబుల్‌తో పెళ్ళిమాట అయి ఉంది. వాళ్ళ నాన్న ఏమన్నాడంటే, "ఓ లీకు పెంచలేనివాడు నా కూతుర్ని ఏం పోషిస్తాడు?" అని. మన ఊళ్ళో మగాణ్ణి దేనితో కొలుస్తారో నీకు తెలుసు కదా.

పోటీ పొద్దున అన్నయ్య తన మంచి జంటని గుడ్డలో చుట్టి తెచ్చి నా ముందు పెట్టాడు. "నీ పేరున పెట్టు" అన్నాడు. వద్దన్నాను. "నాకు మళ్ళీ ఏడు ఉందిగా" అన్నాడు. అంతే. కప్పు నాకొచ్చింది. ఆయన మిగిలిన జంటకి నాలుగో స్థానం. మేబుల్ నాన్న వచ్చి నా ఎడమచెయ్యి పట్టుకుని ఊపాడు.

ఇప్పుడు చెప్పేది మేబుల్‌కి కూడా చెప్పలేదు. వేదిక మీద నన్ను మాట్లాడమన్నారు. చప్పట్లు తలకెక్కాయి. అన్నయ్య ముందు వరసలోనే ఉన్నాడు. కప్పు పట్టుకుని దిగి, ఆయన భుజం మీద చెయ్యేసి, ఊరందరూ వినేటట్టు అన్నాను: "పర్లేదు నార్మన్, గెలవడం కాదు, పాల్గొనడమే ముఖ్యం." హాలంతా గొల్లుమంది. అన్నయ్య కూడా నవ్వాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు.

ఆ మాట టర్న్‌బుల్‌ది కాదు వదినా. నాది. ఊరు నా దగ్గర నేర్చుకుంది, వాడు ఊరి దగ్గర నేర్చుకున్నాడు. ఆ రోజునుంచి ఏటా ఎవడో ఒకడు అన్నయ్యతో ఆ మాట అంటూనే ఉన్నాడు. ఆ తర్వాతి వసంతంలోనే నేను ఊరు వదిలేశాను. సమాధి దగ్గర నిలబడలేననే రాలేదు. గనిలో సెలవు ఇచ్చారు.

ఈ ఉత్తరాన్ని నువ్వు ఏం చేసుకున్నా సరే. క్లబ్బులో గోడకి అంటించినా సరే.

కత్‌బర్ట్


స్కార్‌లా
సెప్టెంబరు 13

కత్‌బర్ట్,

నీ ఉత్తరానికి జవాబు రాయలేదు. రాయడానికి అంత కఠినమైన మాటలు దొరకలేదు. ఇప్పుడు పోటీ సంగతి విను.

శనివారం పొద్దున ఆ జంటని తవ్వి తీశాను. వేళ్ళు కడిగాను, పాలతో తుడిచాను. ఆరో నెంబరు పై ఆకుకి బఠాణీ గింజంత కన్నం ఉంది, ఏదో పురుగు కొరికింది. అది చూస్తే నాకు ప్రాణం ఒప్పలేదు. మీ అన్న పేరున కొరికేసిన ఆకు బల్ల మీద పెట్టనా? అందరూ వంగి చూసి "పాపం, ఆడది పెంచింది" అనరా? ఆ ఒక్క ఆకు ఒలిచేశాను. తెల్లగా, వెన్నలా వచ్చింది. మురిసిపోయాను.

నీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నాకే అర్థం కాలేదు. పై ఆకు ఒలిస్తే ఆకులు మొదట విడిపోయే చోటు పైకి జరుగుతుంది, అక్కడిదాకా కొలిచే తెల్లకాడ పొడవు పెరుగుతుంది. పోటీ నిబంధన ప్రకారం అది ఆరంగుళాలు దాటకూడదు కదా. పక్క ఊరినుంచి వచ్చిన జడ్జి కొలబద్ద పెట్టాడు, మళ్ళీ పెట్టాడు, నా వంక చూశాడు. ఆరంగుళాల మీద వెంట్రుకంత. "నిబంధనకు విరుద్ధం" అని కార్డు పెట్టేశాడు. ముప్పై ఏళ్ళు పోటీలో పెట్టినవాడు ఏనాడూ చెయ్యని తప్పు, ఇంటిపని చేసే చేతులతో నేను చేశాను. దుమ్ము కనపడితే తుడవకుండా ఉండలేని చేతులు.

"అయినా కొలవండి" అన్నాను. కొలిచాడు మంచివాడు. లావులో టర్న్‌బుల్ జంటకన్నా మనదే పెద్దది. బాగా పెద్దది. చెవిలో చెప్పాడు, నాకొక్కదానికే.

టర్న్‌బుల్ కప్పు అందుకుని, ఆ ప్రత్యేక కార్డు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. భుజం మీద చెయ్యి వేశాడు. అదే మాట అన్నాడు. హాలంతా విన్నది.

నీ ఉత్తరం నా సంచిలోనే ఉంది. తీసి చదివి ఉంటే అక్కడికక్కడ కుప్పకూలేవాళ్ళు. చేతిదాకా వచ్చింది. చదవలేదు. నీ మీద జాలితో అనుకోకు, నీ మీద నాకు అణుమాత్రం జాలి లేదు. ఆ గెలుపు నీకు మీ అన్న ఇచ్చినది. ఆయన ఇచ్చినదాన్ని నేను వెనక్కి లాక్కోను. తిరిగి ఇవ్వాల్సినవాడివి నువ్వు.

అక్టోబరు 3, ఆదివారం మధ్యాహ్నం పెయింటరు నిచ్చెన వేసుకుని పలక మీద కొత్త పేరు రాయడానికి వస్తాడు. బారులో మగవాళ్ళంతా ఉంటారు. నన్ను ఎలాగూ రానివ్వరు. నువ్వు వచ్చి నీ నోటితో చెప్పు. ఇంట్లో కూర్చుని ఉత్తరం రాసేసి నేనూ పాల్గొన్నానంటే కుదరదు.

ఎథెల్


మాన్స్‌ఫీల్డ్
సెప్టెంబరు 20

వదినా,

వస్తాను. మేబుల్‌కి అంతా చెప్పాను. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగోరోజు నా కోటు ఇస్త్రీ చేసింది.

భయంగా ఉంది. అది కూడా రాసెయ్యాలనిపించింది.

కత్‌బర్ట్


మాన్స్‌ఫీల్డ్
అక్టోబరు 5

వదినా,

ఆదివారం నీ ఇంట్లో భోంచేశాను గానీ నోరు పెగల్లేదు. నువ్వూ అడగలేదు, కంచంలో ఇంకో ముక్క వేశావు అంతే. లోపల జరిగింది ఇది.

పెయింటరు నిచ్చెన మీద ఉన్నాడు. టర్న్‌బుల్ కింద నిలబడి తన పేరు అక్షరాలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూస్తున్నాడు. నేను వెళ్ళి మూడువేళ్ళ చెయ్యి పైకెత్తాను. ఆ చేతిని చూసే గుర్తుపట్టారు. మొత్తం చెప్పాను, వేదిక మీద అన్న మాటతో సహా.

మూలనుంచి ముసలి జేకబ్ అన్నాడు. "మాకు తెలుసురా. నార్మన్ లీకులు మేం గుర్తుపట్టమా? నువ్వెప్పుడు చెప్తావా అని చూశాం." మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమని అడిగాను. "ఎవడైనా నోరెత్తితే మళ్ళీ ఏడు మొలకలివ్వనన్నాడు మీ అన్న" అన్నాడు.

టర్న్‌బుల్‌కి మాత్రం తెలియదు, అప్పటికి వాడు పటాలంలో ఉన్నాడు. మొహం సున్నం కొట్టినట్టయింది. "1951 దగ్గరికి జరుపు నిచ్చెన" అని పెయింటరుతో అన్నాడు. నిచ్చెన తనే పట్టుకున్నాడు.

అన్నయ్య సమాధి దగ్గరికి కూడా వెళ్ళాను. ఏమన్నానో రాయను.

నీ మరిది


స్కార్‌లా
అక్టోబరు 10

కత్‌బర్ట్‌కి,

నిన్న శనివారం, ఆడవాళ్ళని రానిచ్చే సాయంత్రం. వెళ్ళి చూశాను. 1951, నార్మన్ హెడ్లీ. మిగతావాటికన్నా కొత్త రంగు కాబట్టి కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. చాలాసేపు నిలబడ్డాను. ఏడిచాను కూడా. ఎవరితోనైనా చెప్పావో చూడు.

అందరికీ తెలుసట! తెలిసీ మొలకల కోసం నోరు మూసుకున్నారు. తెలిసీ నా హామ్ తింటూ తలలూపారు. ఇలాంటివాళ్ళకి మొలకలు పంచిన మీ అన్నని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. టర్న్‌బుల్ నా పక్కకొచ్చి టోపీ తీశాడు. "ఎథెల్, మొత్తానికి నార్మన్..." అని మొదలుపెట్టాడు. నా మొహం చూసి ఆపేశాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. బుద్ధి రావడానికి ఇంకా వయసుంది.

ఆ ఆదివారం నీ కంచంలో వేసింది ఏమనుకున్నావు? ఆరో నెంబరే. ముద్దపిండిలో చుట్టి నాలుగు గంటలు ఉడికించాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పోటీలో పెట్టిన లీకు తినడం నాకూ అదే మొదటిసారి. ఏడ్చినట్టుంది, రుచీ పచీ లేదు. పదకొండోదాన్ని మళ్ళీ నాటాను. వచ్చే ఏడు పైన పువ్వుతల కట్టి, దానిమీద మొలకలు వస్తాయి. అడిగినవాడికల్లా ఇవ్వను, నేను నార్మన్‌ని కాను. ఇరవై నీకు పంపుతాను, చెప్పుల పెట్టెలో, తడిగుడ్డ చుట్టి. పార ఎడమచేత్తో పడతావో, మేబుల్ చేత పట్టిస్తావో నీ ఇష్టం. నీ తోటలో నువ్వే పెంచి, నీ పేరున తీసుకొచ్చి, ఆ బల్ల మీద పెట్టు.

గెలిచేట్టుంటేనే రా. ఊరికే పాల్గొనడానికైతే రావద్దు.

మీ వదిన
ఎథెల్